మెడ తిప్పితే ఐదు వేలా?

పండక్కి ఊరొచ్చి రెండ్రోజులన్నా కాలేదు, అరుగు మీద కాఫీ తాగుతుంటే మా మావయ్య అందరి ముందూ అడిగేశాడు, "అల్లుడూ, ఒక్కో మనిషి దగ్గర ఎంత పుచ్చుకుంటావేంటి?" నేను అమెరికాలో కైరోప్రాక్టర్ని, అంటే చేత్తో మెడా వెన్నూ సరిచేసే వైద్యుణ్ణి. 60 డాలర్లన్నాను. మనసులో గుణించుకుని, "మెడ పట్టుకుని టక్కుమనిపిస్తే ఐదు వేల పైమాటే! రావులపాలెం సెలూన్‌లో క్షవరం చేయించుకుంటే అది ఊరికే చేస్తాడు కదరా" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇదంతా.

సెలూన్ అబ్బాయి ఎముకలు గుల్లబారాయేమో, మెడ తిప్పితే ప్రమాదమేమో కనుక్కుని తిప్పడు కదా. నేను చదివింది అయోవాలో డావెన్‌పోర్ట్, 1895లో ఈ కైరోప్రాక్టిక్ పుట్టిందే ఆ ఊళ్ళో. చదువు అప్పు అలాగే ఉంది, సొంత క్లినిక్ పెట్టి ఎనిమిది నెలలు, అద్దె, ఇన్సూరెన్సు, డెస్కులో కూర్చునే ఆవిడ జీతం, అన్నీ ఆ అరవైలోంచే రావాలి. ఇవన్నీ మావయ్యకి చెప్పలేదనుకోండి, చెప్తే ఇంకా నవ్వేవాడు.

అసలు నా బాధ రేటు కాదు, అడగడం. మా ఆర్‌ఎంపీ గారు సూదేసి బ్యాగు సర్దుకుని "చూసుకుందాంలెండి" అనేసి సైకిలెక్కేసేవారు, సార్వా మాసూళ్ళయ్యాక ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చుకునేవారు, లేదంటే ఓ అరటిగెల ఇంటికి పంపేవారు. అది చూసి పెరిగినోణ్ణి, మొదటి విజిట్‌కి 120 అని చెప్పాల్సొస్తే ఇప్పటికీ కంప్యూటర్ వైపు చూస్తూ చెప్తాను. 2022 నుంచి ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి ఎంతవుద్దో ముందే కాగితం మీద రాసివ్వాలని రూలొచ్చింది, అదొక్కటీ నా పాలిట దేవుడు.

ఈ మొహమాటంతోనే చీవాట్లు తిన్నాను. నడుం నొప్పులతో ముసలి రైతులొస్తారు, అందరూ మెడికేర్ వాళ్ళే, అంటే పెద్దవయసు వాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే ఇన్సూరెన్సు. చేత్తో వెన్ను సరిచేసినందుకే మెడికేర్ మాకిస్తుంది, మేం రాసే ఎక్స్‌రేకి ఇవ్వదు, అది ఒప్పుకున్న రేటులోనూ 20 శాతం పేషెంటే కట్టుకోవాలి. ఆ పదో పరకో పెద్దవాళ్ళ దగ్గర వసూలు చెయ్యడానికి చేతులు రాక వదిలేస్తూ వచ్చాను. నెల తిరిగేసరికి డెస్కులో ఆవిడ లెక్కలు నా ముందు పడేసి, డాక్టర్, మీరు దయ అనుకుంటున్నారు, గవర్నమెంటు పేషెంట్లని లాక్కునే ఎర అనుకుంటుంది, అంది. ఇచ్చుకోలేనివాళ్ళయితే విచారించి, రాసిపెట్టుకుని తగ్గించొచ్చంట, అందరికీ అలవాటుగా వదిలేస్తే మాత్రం కేసే. మర్యాద కూడా నేరమేనా అని చాలా రోజులు ఒళ్ళు మండింది. పైగా ఆ రైతుల్లో ఒకాయన, బిల్లులో సున్నా చూసి చెక్‌బుక్ జేబులో పెట్టుకోకుండా కాసేపు అలాగే నిలబడి, నేనేమన్నా లేనివాడిలా కనపడ్డానా అన్నాడు.

నిన్న నాకు జ్వరమొస్తే ఆర్‌ఎంపీ గారే వచ్చారు, ఇప్పుడు సైకిల్ పోయి స్కూటీ. సూదేశాక ఐదొందల నోటు తీశాను. "ఛఛ, నీ దగ్గరేంటి బాబూ, మీ నాన్నగారుంటే నన్ను కొట్టేవారు" అంటూ బండి స్టార్ట్ చేసేశారు. గేటు దాకా వెళ్ళాను, లేనోణ్ణి కాదండీ తీసుకోండి అందామని, బండి అప్పటికే కాలవ గట్టెక్కేసింది.