సీలేరు దారిలో స్టెప్నీ కవరు విప్పిన రోజు

బయల్దేరే ముందు మా నాన్న ఒక్కటే అడిగారు. "స్టెప్నీలో గాలి చూశావా?"

"నాలుగూ కొత్త టైర్లు నాన్నా. స్టెప్నీ అయితే అసలు కిందికే దించలేదు, బండితో వచ్చింది వచ్చినట్టే ఉంది" అన్నాను. ఆ మాట నిజమనే నమ్మాను. వెనక తలుపు మీద ఆ అదనపు టైరు నల్ల కవరు తొడుక్కుని, చూడ్డానికి నిండుగా కనబడుతోంది మరి.

2025 నవంబరు రెండో వారం. రాజమండ్రి నుంచి మా మహీంద్రా థార్ జీపులో నేను, నాన్న, మా బావమరిది. నాన్న ఒకప్పుడు మోతుగూడెంలో, లోయర్ సీలేరు పవర్‌హౌస్‌లో పదకొండేళ్లు ఆపరేటరుగా చేశారు. ఇప్పుడు ఆయనకి డెబ్భై అయిదు. "ఒక్కసారి ఆ క్వార్టరు చూసి వద్దాంరా" అని రెండేళ్లుగా అంటున్నారు. అందుకే ఈ ప్రయాణం. పోయిన నెలే టైర్లు మార్పించాను, అప్పటికి బండి 58,000 కిలోమీటర్లు తిరిగింది. చింతూరు మీదుగా మోతుగూడెం వెళ్లి, డొంకరాయి, సీలేరు, ధారకొండ, చింతపల్లి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం దిగి ఇంటికి రావాలని అనుకున్నాం.

మారేడుమిల్లి దాకా చెప్పడానికేమీ లేదు, మంచి రోడ్డు. అక్కడ టిఫిన్ చేసి ఘాట్ ఎక్కాం. మోతుగూడెం చేరేసరికి మధ్యాహ్నమైంది. నాన్న ఉన్న క్వార్టరులో ఇప్పుడు వేరే వాళ్లున్నారు. ఆ ఇంటావిడ కుర్చీ వేసి టీ ఇచ్చింది. పెరట్లో మా అమ్మ నాటిన పనస చెట్టు ఇంకా ఉంది. దాని మొదలు మీద చెయ్యి వేసి నాన్న చాలాసేపు అలాగే నిలబడ్డారు. మేమిద్దరం దూరంగా ఉండిపోయాం. ఒడిశా నుంచి మాచ్‌ఖండ్‌గా వచ్చి, ఇక్కడ సీలేరై, ముందుకెళ్లి శబరిలో కలిసే ఆ నీళ్లతోనే 460 మెగావాట్ల టర్బైన్లు తిరుగుతాయని నాన్న దారంతా చెబుతూనే ఉన్నారు. డొంకరాయి జలాశయం పక్కన బండి ఆపినప్పుడు మాత్రం ఆయనేమీ మాట్లాడలేదు. రాత్రికి సీలేరులో నాన్న పాత స్నేహితుడి కొడుకు ఇంట్లో పడుకున్నాం.

మర్నాడు పొద్దున ఎనిమిదికి ధారకొండ వైపు ఎక్కుతున్నాం. రాత్రి జల్లు పడింది. రోడ్డు కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల ఒట్టి రాళ్లు. కొండవాలు మీద వలిసె చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. ఎదురుగా వస్తున్న బస్సుకి దారి ఇద్దామని ఎడమ అంచుకి జరిగాను. తూము గోడలోంచి ఊడి పడిన రాయి ఒకటి గడ్డిలో ఉంది. వెనక ఎడమ టైరు దాన్ని ఒరుసుకుంది. పట్టుమని శబ్దం, ఆ తర్వాత బుస్సుమని గాలి. దిగి చూస్తే టైరు పక్క గోడ నా చూపుడు వేలంత పొడుగున తెగిపోయి ఉంది. మేకు గుచ్చుకుంటే స్ట్రిప్ పెట్టుకోవచ్చు. పక్క గోడ తెగితే ఆ టైరు పని అయిపోయినట్టే.

"స్టెప్నీ ఉందిగా బావా, అరగంట పని" అన్నాడు బావమరిది. కవరు జిప్పు లాగాను.

లోపల ఉన్నది అరిగిన టైరు.

కొంతసేపు నాకు ఏమీ అర్థం కాలేదు. అరుగుదల కొలిచే గేజి డాష్‌బోర్డులో ఉంటే తీసి గాడిలో దించాను. నాలుగు మిల్లీమీటర్లు. కింద ఉన్న కొత్త టైర్లలో పది. గాలి చూస్తే పద్నాలుగు పాయింట్లే. పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు 4820, అంటే 2020లో 48వ వారం తయారీ, బండితో వచ్చిన అయిదింట్లోదే. అప్పుడు గుర్తొచ్చింది. 2023లో ఖమ్మం వెళ్తుంటే పంక్చరైంది. షాపతను స్టెప్నీ దించి బిగించాడు, అతుకేసిన పాత టైరుని తలుపు మీద పెట్టి కవరు తొడిగాడు. తిరిగి మార్పించుకుందాంలే అనుకుని మర్చిపోయాను. అప్పటిదాకా నేల తగలని టైరు ఆ రోజు నుంచి కింద తిరిగింది, సగం అరిగింది తలుపు మీద కూర్చుంది. పోయిన నెల నాలుగూ మార్పించినప్పుడు, అయిదింట్లోకీ మంచిది పాత టైర్ల కింద షాపుకి పోయింది. నా దగ్గర మిగిలింది ఇది. షాపతను కవరు తియ్యలేదు, నేనూ తియ్యమనలేదు.

నాన్న ఒక్క మాట కూడా అనలేదు. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని వాళ్ల డిపార్ట్‌మెంటు జీపు సంగతి చెప్పారు. పొద్దున్నే డ్రైవరు ముందు టైర్లు, వెనక టైర్లు, ఆఖరున స్టెప్నీ, అయిదూ రెంచితో తట్టి ఆ మోత వినిగాని స్టార్ట్ చేసేవాడు కాదట. ఈ స్టెప్నీ అన్న పేరు 1904లో వేల్స్ దేశంలోని లానెల్లీ అనే ఊళ్లో పుట్టింది. అప్పటి కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. అక్కడి స్టెప్నీ వీధిలో డేవీస్ అన్నదమ్ములు గాలి నింపిన టైరుతో ఒక రింగు తయారు చేశారు, పంక్చరైన చక్రం పక్కనే దాన్ని బిగించుకుని ఇల్లు చేరేవాళ్లు. ఆ వీధి పేరు మన మెకానిక్‌ల నోట ఇప్పటికీ బతికే ఉంది.

జాకీ కింద పలక పెట్టి వెనక ఎడమ పక్క నట్లు వదులు చేస్తుండగా ధారకొండ వైపు నుంచి సంతకెళ్లే జీపు వచ్చి ఆగింది. లోపల పదిమందికి పైగా జనం, పైన బుట్టలు. డ్రైవరు దిగి రెండు టైర్లనూ వేళ్లతో తడిమి చూశాడు.

"ఇది ఎనక్కి ఎయ్యకండి బాబూ. ముందుకెయ్యండి. ముందుది తీసి ఎనక్కి కట్టండి."

"రెండుసార్లు విప్పాలి కదండీ" అన్నాడు మా వాడు.

"ఇప్పితే ఇప్పారు. లాగేది ఎనకే గదా."

ఆ మాటలో అసలు సంగతంతా ఉంది. మామూలుగా మా బండి టూ హైలో నడుస్తుంది, అంటే ఇంజను బలం వెనక ఇరుసుకే. ఆ ఇరుసు మీద ఒక టైరు పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే మధ్యనున్న డిఫరెన్షియల్‌కి, అంటే రెండు పక్కల చక్రాల్నీ వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టెకి, తిన్నటి రోడ్డులో కూడా క్షణం ఊపిరి ఉండదు. ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. మా బండికున్న 255/65 ఆర్ 18 సైజు టైరు కొత్తగా ఉన్నప్పుడు చుట్టుకొలత దాదాపు 2,478 మిల్లీమీటర్లు, ఆరు మిల్లీమీటర్లు అరిగాక 2,440. అంటే కొత్తది కిలోమీటరుకి 404 సార్లు తిరిగితే అరిగింది 410 సార్లు తిరగాలి. కిలోమీటరుకి ఆరు చుట్లు ఎక్కువ. నూరు కిలోమీటర్లకి ఆరువందలు. ముందు ఇరుసుకి టూ హైలో లాగే పని లేదు కాబట్టి ఆ తేడా అక్కడ అంత బాధించదు.

ఆ జీపు డ్రైవరు తనే మా జాకీ తిప్పాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, "రేపు నా బండి ఆగితే మీరు ఆగరా" అన్నాడు. ముందు ఎడమ చక్రం వెనక్కి, స్టెప్నీ ముందుకి. చిన్న కంప్రెసర్‌తో గాలి పట్టి, నట్లు ఎదురెదురుగా బిగించి లేచేసరికి గంట దాటింది.

అసలు పరీక్ష ఆ తర్వాత. పై మలుపుల్లో రాళ్ల మీద నీళ్లు పారుతున్నాయి, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందించే ఫోర్ హై వెయ్యక తప్పలేదు. మా బండికి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ లేదు. ఫోర్ హై వేస్తే రెండూ ఒకే కడ్డీకి బిగించినట్టు తిరుగుతాయి. రాళ్ల మీద, బురదలో టైరు కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారే వీలుండదు, ఆ ఒత్తిడంతా గేర్లలో పేరుకుంటుంది. నాలుగూ సమానంగా ఉన్నప్పుడే ఆ రోడ్డు మీద ఫోర్ హై వాడకూడదంటారు, ఇక ఒకటి చిన్నదైతే చెప్పేదేముంది. రాళ్లు దాటాక కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు వచ్చింది. లోయలో మేఘాలు చూస్తూ లీవరు సంగతి మర్చిపోయాను. మలుపులో స్టీరింగు బిగుసుకున్నట్టు తోచి టూ హైకి లాగితే లీవరు రానంది. చెయ్యి నొప్పి పుట్టేలా లాగినా కదల్లేదు. ఆపి, చక్రాలు తిన్నగా పెట్టి, నాలుగు మీటర్లు నెమ్మదిగా వెనక్కి పోనిచ్చాను. అడుగున టక్కుమని ఒక మోత, లీవరు దానంతటదే వచ్చేసింది. ఆ మోత నాకు ఇప్పటికీ వినబడుతోంది. గేర్లు ఎంత బిగిసి ఉంటే అలా వదులుతాయి!

అక్కడి నుంచి నలభై దాటకుండా నడిపాను. ఆర్.వి. నగర్ కాఫీ తోటల్లో ఆగి నట్లు మళ్లీ బిగించాం, రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి కూడా. చింతపల్లి చేరాక, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదటి దెబ్బ కొట్టిన పోలీసు స్టేషను ఇదేనని నాన్న చెబుతుంటే, నేను పంక్చరు షాపు కోసం వెతుకుతున్నాను. షాపతను తెగిన టైరు చూడగానే తల అడ్డంగా ఊపాడు. వెనకాల స్టెప్నీ లేకుండానే లంబసింగి దిగాం. చలి, పొగమంచు అన్నీ ఉన్నాయి, నేను మాత్రం సరిగా చూడలేదు. నర్సీపట్నం వచ్చేదాకా ప్రతి రాయినీ లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

రాజమండ్రిలో టైర్ల షాపుకి మర్నాడే వెళ్లాను. ఒకటి కాదు, అదే రకంవి రెండు కొన్నాను. తెగినదాని బదులు ఒకటి, తలుపు మీదకి ఒకటి. "స్టెప్నీకి కొత్తదెందుకండీ, దండగ" అన్నాడు షాపతను. నేను లెక్క చెప్పాను. నాలుగు టైర్లు 50,000 కిలోమీటర్లు వస్తాయనుకుందాం. అయిదింటినీ వంతులవారీగా తిప్పితే అవే టైర్లు 62,500 వస్తాయి. అయిదోదాని డబ్బు ఎక్కడికీ పోలేదు, అదీ తన వంతు పరిగెడుతుంది. తలుపు మీదే అయిదారేళ్లు ఎండకి పగిలి పారెయ్యాల్సిన బాధ ఉండదు. ఏ టైరు ఎప్పుడు తెగినా దాని స్థానంలోకి వచ్చేది దాని ఈడుదే అవుతుంది. ఒక వైపుకే తిరగాల్సిన బాణం గుర్తు టైర్లయితే ఈ తిప్పుడు కుదరదు, అందుకే అవి వద్దన్నాను.

అయిదోది ఇప్పుడే కొనలేమంటే అదీ అర్థం చేసుకోగలను, ఒక్కో టైరు వేలల్లో ఉంది. అలాంటప్పుడు పాతవి షాపుకి వదిలే ముందు స్టెప్నీతో కలిపి అయిదూ కింద పరిచి, గేజితో కొలిచి, తేదీ అంకెలు చదివి, అన్నింట్లోకీ మంచిదాన్ని తలుపు మీద పెట్టించుకోవాలి. నేను ఆ పని చేసి ఉంటే ధారకొండ ఎత్తులో తేడా ఆరు కాదు, మూడు మిల్లీమీటర్లే ఉండేది. సైజు మార్చి పెద్ద టైర్లు వేసుకునేవాళ్లు మాత్రం పాత స్టెప్నీ మీద ఆశ పెట్టుకోవద్దు. అది ఆ బండికి ఇక పనికిరాదు, అయిదోదీ కొనాల్సిందే. తలుపు మడతబందులు ఆ కొత్త బరువు మోస్తాయో లేదో కూడా చూసుకోవాలి.

తిప్పే వరుస కాగితం మీద రాసి డాష్‌బోర్డులో పెట్టాను. స్టెప్నీ కుడి వెనక్కి, కుడి వెనకది కుడి ముందుకి, కుడి ముందుది ఎడమ వెనక్కి, ఎడమ వెనకది ఎడమ ముందుకి, ఎడమ ముందుది తలుపు మీదకి. ప్రతి 8,000 కిలోమీటర్లకి.

కవరు తీసి అటక మీద పడేశాను. నాన్న ఇప్పుడు సాయంత్రం వాకింగ్‌కి వెళ్తూ బండి వెనక ఒక్క క్షణం ఆగుతారు, ఆ టైరుని చేతికర్రతో ఒకసారి తట్టి, మోత విని, గేటు తీసుకుని వెళ్తారు.