వెగ్నర్ కుర్చీ, దాని వెనక అతుకు

కోపెన్‌హాగన్‌లోని డిజైన్‌మ్యూజియం డెన్మార్క్‌లో కుర్చీలకే ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ఉంది. అక్కడ డెన్మార్క్ ఫర్నిచర్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో డిజైన్ చేసిన రౌండ్ చైర్ ముందు చాలాసేపు నిలబడిపోయాను. 1960లో కెనెడీ, నిక్సన్ టీవీ చర్చలో కనిపించింది ఈ కుర్చీయే. కానీ నన్ను కట్టిపడేసింది ఆ పేరు కాదు, వీపు ఆనే చోట ఉన్న అతుకు.

చేతులు, వీపు కలిసి ఒకే వంపులా కనిపిస్తాయి. నిజానికి అవి వేర్వేరు చెక్క ముక్కలు. మొదట్లో అతుకు కనపడకుండా పైన పేము చుట్టేవారు. తర్వాత వెగ్నర్ ఆ పేము తీసేసి, చెక్కను పళ్లు పళ్లుగా కోసి ఒకదాంట్లో ఒకటి దిగేలా అతికించి, ఆ గీతను అందరికీ కనిపించేలానే వదిలేశాడు. వంగి చూస్తే వెంట్రుక దూరే సందు కూడా లేదు. ఎంత ధైర్యం! పనితనం మీద నమ్మకం ఉన్నవాళ్లే అలా చేయగలరు.

ఈయన చెప్పులు కుట్టే ఆయన కొడుకు. చిన్న వయసులోనే వడ్రంగం నేర్చుకున్నాడు. డిజైన్ ఆయనదే అయినా, చెక్కలో దాన్ని నిలబెట్టింది యోహానెస్ హాన్సెన్ వర్క్‌షాపు. కోపెన్‌హాగన్ వడ్రంగుల సంఘం 1927 నుంచి 1966 దాకా ఏటా ఎగ్జిబిషన్ పెట్టి డిజైనర్లనీ పనివాళ్లనీ కలిపింది. డెన్మార్క్ ఫర్నిచర్‌కి అసలు బలం అదేనని నా గట్టి అభిప్రాయం.

వెగ్నర్‌దే ఇంకో కుర్చీ, విష్‌బోన్ చైర్, దాని సీటుది ఇంకో ముచ్చట. కాగితాన్ని మెలేసి చేసిన తాడు, ఒక్కో కుర్చీకి దాదాపు 120 మీటర్లు, ఇప్పటికీ చేత్తోనే అల్లుతారు. నులక మంచం అల్లడం చూసినవాళ్లకి ఆ బిగువు గురించి చెప్పక్కర్లేదు. 1950 నుంచి దాని తయారీ ఆగలేదు. ఎప్పటికైనా ఒకటి కొనుక్కోవాలని ఉంది.