సార్ ఆఖర్న మాట్లాడాలి

ల్యాబ్ మీటింగ్ ఎలా జరుగుతుందో బయాలజీలో పీహెచ్‌డీ చేసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఒకరు స్లైడ్స్ చూపిస్తుంటారు, ల్యాబ్ నడిపే ప్రొఫెసర్, అంటే సార్, మూడో స్లైడ్ దగ్గర ఆపి "కంట్రోల్ ఏదీ?" అంటారు, అంటే పోల్చి చూడటానికి పక్కన చేసిన ప్రయోగం ఏదని, మిగతావాళ్లు ఇవాళ మన వంతు కాదులే అని ఊపిరి పీల్చుకుని ఫోన్లు చూసుకుంటారు. చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అంటే ఎవరూ నోరు మెదపరు. అసలు మీటింగ్ ఆ తర్వాత క్యాంటీన్‌లో మొదలవుతుంది, ఆ యాంటీబాడీ పనిచెయ్యదని నాకెప్పుడో తెలుసు అని ఒక్కొక్కరే బయటపడతారు.

ఆ క్యాంటీన్ మాటల్ని గదిలోకి రప్పించడం ఎలా అన్నదే నా ప్రశ్న. టీమ్ అంతా కూర్చుని తాము చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకోవడానికి పద్ధతులు బోలెడున్నాయి, వాటికి గంభీరమైన పేర్లు, రంగురంగుల స్టిక్కీ నోట్స్, సర్టిఫికెట్‌తో సహా వర్క్‌షాపులు కూడా. నేను చూసినంతలో వాటిలో నిజంగా పనికొచ్చేవి చేసేది ఒక్కటే, ముందు ఎవరు నోరు తెరవాలి అన్న వరసని మార్చడం.

ఇంత తాపత్రయం ఎందుకంటారా? కెవిన్ డన్‌బార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల్లో అమెరికాలో మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లకి వెళ్లి, వాళ్ల మీటింగులు రికార్డు చేసి, ఆలోచన ఎక్కడ జరుగుతోందో గమనించాడు. మైక్రోస్కోప్ ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు కాదు, ఎక్కువగా మీటింగ్ బల్ల చుట్టూనే జరుగుతోందట. వచ్చే ఫలితాల్లో దాదాపు సగం ఎవరూ ఊహించనివే, ప్రయోగం చేసిన మనిషి మొదట అనేది మాత్రం "ఎక్కడో ప్రోటోకాల్ తేడా కొట్టింది" అని, అంటే ప్రయోగం చేసిన తీరులోనే పొరపాటని. కాదేమో, ఇందులో ఏదో ఉందేమో అని తట్టేది పక్కవాళ్లు గుచ్చి గుచ్చి అడిగినప్పుడే. ఆ పక్కవాళ్లే ఫోన్ చూసుకుంటుంటే ఇక అడిగేదెవరు?

నాకు అన్నిటికన్నా నచ్చింది నామినల్ గ్రూప్ టెక్నిక్. పేరు భయపెడుతుంది కానీ విషయం చాలా తేలిక, 1971లో డెల్‌బెక్, వాన్ డి వెన్ అనే ఇద్దరు దీన్ని ముందుకు తెచ్చారు. ఒక ప్రశ్న ఇస్తారు, ఉదాహరణకి "ఈ సెల్ లైన్ (ల్యాబ్‌లో పెంచే కణాలు) ప్రతిసారీ ఎందుకు చస్తోంది?" పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోవాలి. తర్వాత వరసగా ఒక్కొక్కరు ఒక్కొక్క కారణమే చెప్పాలి, అది బోర్డు మీదకి ఎక్కుతుంది, అప్పటికి వాదన లేదు, వెటకారం అసలే లేదు. అందరి కాగితాలూ ఖాళీ అయ్యాక అర్థం కానివాటికి వివరణ, ఆపైన ఒక్కొక్కరు ఐదింటిని ఎంచుకుని చీటీ మీద ర్యాంకులు రాసివ్వడం. అంతే. నిన్న గాక మొన్న చేరిన జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) రాసిన "ఇంక్యుబేటర్ తలుపు సరిగా పడటం లేదు" అన్న వాక్యమూ, సార్ రాసిన సిగ్నలింగ్ పాత్‌వే సిద్ధాంతమూ బోర్డు మీద ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి, ఈ పద్ధతి బలమంతా అక్కడే. చిన్న ల్యాబ్‌లో చేతిరాత చూసి మనిషిని ఇట్టే పట్టేస్తారు కాబట్టి చీటీల మీద అంకెలు మాత్రమే ఉండాలి, మాటలు వద్దు.

అందరూ కలిసి గోల గోలగా బ్రెయిన్‌స్టార్మింగ్ చేస్తేనే ఐడియాలు పుట్టుకొస్తాయని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. యేల్ యూనివర్సిటీవాళ్లు 1958లోనే పరీక్షించి చూశారు, నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటికన్నా నలుగురు విడివిడిగా రాసినవి కలిపితేనే ఎక్కువ వచ్చాయి. 1987లో జర్మనీలో డీల్, స్ట్రోబె కారణం కూడా తేల్చారు: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వంతు కోసం ఆగాలి, ఆ ఆగడంలోనే సగం ఆలోచనలు ఆవిరి.

ఇక ప్రీమార్టమ్. గ్యారీ క్లైన్ 2007లో ఒక వ్యాసంతో దీనికి బాగా ప్రచారం తెచ్చాడు. ప్రాజెక్టు మొదలెట్టే ముందే, ఇది ఏడాది తర్వాత ఘోరంగా తన్నేసింది అనుకుని, ఎందుకు తన్నేసిందో తలా ఒక కాగితం మీద రాయాలి. మా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసే మనిషి) ఒకావిడ దీనికి ససేమిరా అంది, గ్రాంట్ వచ్చిన రోజున ఈ మాటలేంటి, పైన తథాస్తు దేవతలు ఉంటారు అని. నవ్వకండి, ఆ జంకు అందరిలోనూ ఉంది, ఆవిడ పైకి అనేసింది, అంతే. మామూలుగా అనుమానం బయటపెట్టినవాడు పనిదొంగ అనో, నెగెటివ్ మనిషి అనో ముద్ర పడుతుంది. ఇక్కడ ప్రాజెక్టు పోయిందని సార్ గారే ప్రకటించేశారు కాబట్టి ఎక్కువ కారణాలు పట్టుకున్నవాడే తెలివైనవాడు. ఆ మధ్యాహ్నం అందరికన్నా పొడుగు లిస్టు ఆవిడదే.

పని అయిపోయాక చేసేది ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ. ఇది 1970ల్లో అమెరికా సైన్యంలో పుట్టింది, ర్యాంకులు పక్కనబెట్టి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం చేద్దాం. చాలామంది మొదటి ప్రశ్నని అరనిమిషంలో దాటేసి మూడో దానికి పరిగెడతారు, మూడోది తప్పెవరిదో తేల్చే కార్యక్రమంగా మారడానికి ఎంతోసేపు పట్టదు. నన్నడిగితే కష్టమైనది మొదటి ప్రశ్నే. ఫలితం తెలిశాక ఇది మేం ముందే అనుకున్నాం అనిపించడం మనిషి నైజం, బారుక్ ఫిషాఫ్ 1975లో దీన్ని ప్రయోగం చేసి చూపించాడు, దానికి వాడుకున్న కథల్లో బ్రిటిష్‌వాళ్లకీ గూర్ఖాలకీ జరిగిన యుద్ధం కూడా ఒకటి. కాబట్టి ప్రయోగం మొదలెట్టే రోజునే ఏం వస్తుందనుకుంటున్నారో ప్రతి ఒక్కరూ విడిగా రాసి తేదీ వెయ్యాలి. రివ్యూ రోజున ఆ కాగితాలు బయటికి తీస్తే ఒకే ప్రాజెక్టులో ఐదుగురు ఐదు రకాల ఫలితాలు ఆశించారని తేలుతుంది, అప్పుడు చర్చ దానంతటదే నడుస్తుంది.

ఇదంతా బాగానే ఉంది, సార్‌ని ఆఖర్న మాట్లాడమని చెప్పేదెవరు అంటారా? పాత యూదుల న్యాయసభలో మరణశిక్ష కేసుల్లో చిన్నవాళ్ల నుంచే అభిప్రాయం అడిగేవాళ్లు, పెద్దాయన ముందు తీర్పు చెప్పేస్తే చిన్నవాళ్లు కాదనలేరని. ఈ ముక్క సార్‌కి చెప్పి చూడండి, చరిత్ర అంటే చాలామంది ప్రొఫెసర్లు పడిపోతారు. అలా కుదరకపోతే పక్క ల్యాబ్ నుంచి ఒకరిని పిలిచి మీటింగ్ నడిపించమనండి, సార్ కూడా అందరిలాగే కాగితం తీసుకుని రాయాలని వాళ్లయితే మొహమాటం లేకుండా చెప్పగలరు. వాళ్ల మీటింగ్‌కి మీరూ వెళ్లాలి మరి.