ఒక్క వచనంలో ఏడు 'దీ'లు

నాలుగో వారం. తెల్లవారుజామున రోజూ అరగంట అరామిక్ చదువుతున్నాను, హీబ్రూకు దగ్గరి ప్రాచీన భాష. బైబిల్లో అరామిక్ భాగం చిన్నదే: దానియేలు 2:4 మధ్య నుంచి ఏడో అధ్యాయం చివరి దాకా, ఎజ్రాలో రెండు చోట్ల, యిర్మీయాలో ఒక్క వచనం, ఆదికాండంలో రెండు మాటలు. ఇంత కొద్ది మేరలోనూ అడుగడుగునా ఎదురయ్యే మాట 'దీ', ముందున్న నామవాచకాన్ని తర్వాతి మాటలతో కలిపేది. దాలెత్, యోద్, రెండే అక్షరాలు. లింగం ఏదైనా, ఏకవచనమైనా బహువచనమైనా రూపం మారదు. ఈజిప్టులోని ఎలిఫెంటైన్ దీవిలో దొరికిన క్రీ.పూ. 5వ శతాబ్దపు పత్రాల్లో ఇదే మాట మామూలుగా 'జ'కారంతో కనిపిస్తుంది.

మొదట్లో దీన్ని 'ఏదైతే... అది' అని చదువుకున్నాను. అర్థం తెలిసేది గానీ వాక్యం నడిచేది కాదు. ఈ వారం ఎజ్రా 5:14ను నోటుపుస్తకంలో వరుస విడిచి వరుస రాసుకుని, 'దీ' వచ్చిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో చుట్టాను. ఏడు తేలాయి!

'మానయ్యా దీ బేత్ ఎలాహా' అంటే దేవుని మందిరపు పాత్రలు. వెంటనే 'దీ దహవా వెఖస్పా', బంగారు వెండి పాత్రలు. ఆపైన 'దీ నెవూఖద్నెచ్చర్ హన్పేక్', నెబుకద్నెజరు (బబులోను రాజు) బయటికి తీసిన పాత్రలు. తర్వాత 'హేఖ్లా దీ బీరూష్లేమ్'; 'హేఖ్లా' అంటే ఆలయం. ఇక్కడ పెన్సిలు ఆగిపోయింది. 'బీరూష్లేమ్' అంటే 'యెరూషలేములో'. దాని ముందు 'దీ' చేరితే 'యెరూషలేములోని'. మన 'లో'కు 'ని' చేసే పనే అది! ఇన్నాళ్లూ కళ్ల ముందే ఉంది. 'హేఖ్లా దీ బావెల్' రెండుసార్లు వస్తుంది. దానికి 'బబులోను ఆలయం' అంటే చాలు. చివరిది ఆ పాత్రలు అందుకున్న షేష్బజ్జరు గురించి, 'దీ పెహా సామేహ్', అధిపతిగా నియమించిన. 'సామేహ్'లో 'అతన్ని' అనే ప్రత్యయం కూడా ఉంది. తెలుగులో 'నియమించిన' అన్నాక దానికి చోటు లేదు.

అందుకే ఇప్పుడు 'దీ' తర్వాత క్రియ కనిపిస్తే ముందు పదబంధం చివరికి వెళ్తున్నాను. అక్కడి నుంచి వెనక్కి చదివితే 'చేసిన', 'చేసే' రూపాలు వాటంతట అవే వస్తున్నాయి.

దానియేలు 2:20లో మాత్రం తప్పు చేశాను. 'షెమేహ్ దీ ఎలాహా'లో 'షెమేహ్' అంటే 'ఆయన పేరు'. ఆ 'ఆయన' ఇంకెవరో అనుకుని అరగంటా వెతికాను. ఆ ప్రత్యయం తర్వాత రాబోయే దేవుణ్నే ముందుగా సూచిస్తోంది. 'దేవుని పేరు', అంతే.

ఈ ఉదయం యిర్మీయా 10:11 తీశాను. 'ఎలాహయ్యా దీ షెమయ్యా వెఅర్కా లా అవదూ.' ఆకాశాన్నీ భూమినీ చేయని దేవుళ్లు. నిఘంటువు తెరవలేదు.