కట్టు విప్పే ఇరవై నిమిషాలు

కుక్కర్ ఆవిరికి నా ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేయి దాకా కాలింది. కాలిన రోజు కన్నా రోజు విడిచి రోజు మలక్‌పేటలో చేయించుకున్న డ్రెస్సింగే నరకం. సెలైన్‌తో ఎంత నానబెట్టినా, గాజు గుడ్డ చివరి పొర ఊడేటప్పుడు ప్రాణం పోయేది. నాలుగోసారి నుంచి డాక్టరు ఒప్పుకుంటే, కట్టు విప్పేటప్పుడు ఆట ఆడుకోవడానికి వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తగిలించుకుంటే చుట్టూ బొమ్మల లోకం కనిపించే పరికరం) పెట్టుకున్నాను.

కాలినవాళ్ల కోసం 1996లోనే అమెరికాలోని సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే పరిశోధకులు ఈ పద్ధతి మొదలుపెట్టారు. వాళ్ల స్నోవరల్డ్ అనే ఆటలో మంచు లోయలో సాగుతూ మంచు ముద్దలు విసరాలి. నొప్పి తెలియాలంటే మనసు దాని మీద ఉండాలి, ఆ మనసును ఆట లాగేసుకుంటుంది. ఊరికే వీడియో చూస్తే అంత లాగదు. చేత్తో ఏదో ఒకటి చెయ్యాల్సిందే.

పరిగెత్తే ఆటలు మాత్రం వద్దు. కన్ను కదులుతున్నానంటుంది, లోచెవి లేదంటుంది, దాంతో వాంతి వస్తుంది. కూర్చున్నచోటే గురి చూసి కొట్టేది, ఒంటిచేత్తో ఆడగలిగేది ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. వెల్లకిలా పడుకుంటే బొమ్మ పక్కకు పోతుంది, మంచం తలవైపు ఎత్తించుకుని సగం కూర్చోవాలి. అర కిలో బరువు నుదుటి మీద పడకుండా వెనక పట్టీని తల కింది భాగానికి దించాలి. గదిలో లైటు ఉండాలి, చీకట్లో హెడ్‌సెట్ కెమెరాలకు చెయ్యి దొరకదు. కిటికీ ఎండ మాత్రం హెడ్‌సెట్ లోపలి అద్దాల మీద పడనివ్వకండి, తెర కాలిపోతుంది. అద్దాలకు స్పిరిట్ తగలకూడదు, పొడి మెత్తటి గుడ్డ చాలు. ముఖానికి ఆనే దిండుకు తుడవగలిగే సిలికాన్ తొడుగు వేసి, ప్రతిసారీ శుభ్రం చెయ్యాలి. గ్లౌజు వేసుకున్న సిస్టర్ హెడ్‌సెట్‌ను ముట్టుకోకూడదు, తోడొచ్చినవాళ్లే సర్దాలి.

డాక్టరు రాసిన నొప్పి మాత్ర ఆయన చెప్పిన వేళకే వేసుకోవాలి. హెడ్‌సెట్ దానికి బదులు కాదు. కట్టు ముట్టకముందే ఐదు నిమిషాలు ఆడాలి, నొప్పి మొదలయ్యాక పెట్టుకుంటే మనసు అటు మళ్లదు. ఫిట్స్ ఉన్నవాళ్లకు, ముఖం కాలినవాళ్లకు ఇది పనికిరాదు.

నా ఆట చెడగొట్టింది మిషను కాదు, "ఏమ్మా, నొప్పి పుడుతుందా?" అన్న ప్రశ్న. అడగ్గానే మనసు చేతి మీదికి వచ్చేసేది. తర్వాత సిస్టర్‌తో మాట అనుకున్నాం: నేను కుడి కాలు ఎత్తితే ఆగాలి, లేకపోతే మాటలుండవు. పదికి ఎనిమిది అనిపించే నొప్పి ఐదుకు దిగింది.

పుండు మానాక మోచేయి చాచే వ్యాయామానికీ అదే ఆట వాడాను. గురి చూసి కొట్టాలంటే చెయ్యి చాపక తప్పదు.