వెనక బరువు కట్టిన రోజు

తెల్లవారకముందే లేచి టార్చిలైటు పట్టుకుని బయటికి వెళ్లాను. నిన్న సాయంత్రం లోడరు బిగించిన ట్రాక్టరును ఇంకోసారి చూడకపోతే కాలు నిలవలేదు. మాసీ ఫెర్గూసన్ 135. ఆ నమూనా 1964లో వచ్చింది. మాది అంత పాతది కాదు గానీ వయసులో నాకంటే పెద్దదే. ముందుకు చాచిన రెండు ఇనుప చేతులు, వాటి చివర బకెట్టు... మనవడి క్రికెట్ బ్యాటు పట్టుకుని నిలబడ్డ తాతయ్యలా ఉంది.

మొదట వెనక కాంక్రీటు డ్రమ్ము తగిలించాలి, ఆ తర్వాతే పని. తమ్ముడూ నేనూ అనుకున్నది అదే. డ్రమ్ము పోసి నెల దాటింది, ఓ మూల పట్టా కప్పుకుని కూర్చుని ఉంది. నాకే ఓపిక లేకపోయింది. "ఒక్క బకెట్టు ఇసుక ఎత్తి చూద్దాంరా" అన్నాను. "డ్రమ్ము పెట్టాకే ఎత్తుదాం అన్నయ్యా" అన్నాడు వాడు. అప్పటికే ఇంజను స్టార్టు చేశాను.

రాత్రి వానకు ఇసుక బాగా తడిసి ఉంది. బకెట్టు గుచ్చి ముందుకు తోస్తే కుడివైపు వెనక చక్రం ఉన్నచోటే తిరిగింది. ఎలాగో నిండింది, లేపాను. స్టీరింగు రాతి స్తంభంలా బిగుసుకుపోయింది. ఈ బండికి పవర్ స్టీరింగు లేదు, ముందు టైర్లు బరువుకు నేలకు అతుక్కున్నాయి. అక్కడితో ఆగినా బాగుండేది. చిన్న ఏటవాలు దిగుతూ బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు! గజం దూరం అలాగే జారింది. బకెట్టును నేలకు దించేశాను, అది మట్టిలో దిగబడ్డాక గానీ నిలవలేదు.

ఇలాంటి పాత బండ్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. వాటి మీద బరువు లేకపోతే ఎంత గట్టిగా తొక్కినా పట్టుకునేందుకు నేల ఉండదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ చేశాను, ఇప్పుడు రాసుకుంటుంటే సిగ్గుగా ఉంది.

తమ్ముడు ఒక్క మాటా అనకుండా వెళ్లి డ్రమ్ము మీది పట్టా తీశాడు.

డ్రమ్ము తగిలించే ముందు మడ్‌గార్డు మీద సుద్దముక్కతో లెక్క వేశాను. రెండు ఇరుసుల మధ్య దూరం 1.85 మీటర్లు. వెనక ఇరుసు నుంచి బకెట్టు మధ్యకు 3.05 మీటర్లు. బకెట్టులో 300 కిలోల ఇసుక ఉంటే ముందు ఇరుసు మీద పెరిగేది 300 కాదు, దాదాపు 495. అదనంగా వచ్చిన ఆ 195 కిలోలు వెనక చక్రాల మీద నుంచి లేచి వచ్చినవే. లోడరు సొంత బరువు ఇందులో కలపలేదు. పొద్దున చక్రం ఉన్నచోటే ఎందుకు తిరిగిందో మడ్‌గార్డు మీద తెల్లగా రాసి ఉంది.

మరి డ్రమ్ము? 200 లీటర్ల డ్రమ్ములో కాంక్రీటు నింపితే 480 కిలోలు, ఇనుముతో కలిపి 500 అనుకుందాం. వెనక ఇరుసుకు మీటరు దూరంలో వేలాడితే ముందు నుంచి 270 కిలోలు లేపేస్తుంది, వెనక 770 పెంచుతుంది. ఏతం దూలానికి అవతల కొసన రాయి కట్టినట్టు. వెనక టైర్లలో నీళ్లు నింపినా, చక్రాలకు ఇనుప పళ్లేలు బిగించినా పట్టు పెరుగుతుంది గానీ, ఆ బరువు ఇరుసు మీదే కూర్చుంటుంది కాబట్టి ముందువైపు భారం ఒక్క కిలో కూడా తగ్గదు. నాకు కావలసింది ముందు ఇరుసుకు ఊరట. దాని నడిమి పిన్నుకు, చక్రాల బేరింగులకు ఈ వయసులో అంత మోత న్యాయం కాదు.

తగిలించడానికే గంటన్నర పట్టింది. డ్రమ్ములో అడ్డంగా పోతపోసిన 22 మిల్లీమీటర్ల కడ్డీ రెండు కొసలకూ ట్రాక్టరు వెనక పైకీ కిందికీ కదిలే రెండు చేతులు, అంటే కింది ఆర్మ్‌లు, ఎక్కాలి. ఎడమది ఇట్టే ఎక్కింది. కుడిది అంగుళం కిందుగా ఉండిపోయింది. దాని మర తిప్పుతూ పైకి తెస్తుంటే తమ్ముడు ఆర్మ్ కొసన ఉన్న గుండ్రటి బంతిని బొటనవేలితో అటూ ఇటూ దొర్లించాడు. తుప్పు పొడి రాలి, కన్నం కడ్డీకి ఎదురుగా వచ్చి, టక్కున కూర్చుంది. పిన్ను వేశాం. అసలు తంటా పైనుంచి పట్టుకునే మూడో కడ్డీ, టాప్ లింకుతో వచ్చింది. కాంక్రీటు పోసినప్పుడు పైన నిలబెట్టిన పట్టీ వేలెడంత పక్కకు ఒరిగిందని ఆ రోజే చూశాను, సరిచేయలేదు. ఇవాళ ఆ బద్ధకానికి సుత్తితో వడ్డీ కట్టాను. పక్క గొలుసులు బిగించాక డ్రమ్ము ఊగడం మానింది.

మళ్లీ అదే ఇసుక, అదే ఏటవాలు. ఈసారి బకెట్టు నేలకు జానెడు ఎత్తులోనే ఉంచాను. ముందు ఇరుసు నడిమి పిన్ను మీద అటూ ఇటూ ఊగే రకం కాబట్టి, బరువును పైకెత్తి పక్కవాటు నేల మీద తిరిగితే పడిపోకుండా ఆపేది ఏమీ ఉండదు. బ్రేకు తొక్కాను. ఆగింది. అంతే, చెప్పుకోవడానికి ఏమీ లేదు. స్టీరింగు మాత్రం ఇప్పటికీ బరువే. బండి కాస్త కదులుతుండగా తిప్పితే తిరుగుతుంది, నిలబెట్టి తిప్పితే ముందు చక్రాలను తిప్పే టై రాడ్లకు చేటు.

నాకు నవ్వొచ్చిన సంగతి ఇంకొకటి. వెనక ఉన్న ఈ మూడు లింకుల ఏర్పాటును హ్యారీ ఫెర్గూసన్ తయారుచేసింది నాగలి బరువూ, నేల లాగే లాగుడూ వెనక చక్రాల మీద పడేలా చేసి, తేలికపాటి ట్రాక్టరుకు కూడా పట్టు తెప్పించడానికే. 1939లో ఫోర్డుతో కలిసి తెచ్చిన 9ఎన్ ట్రాక్టరులో ఉన్నదీ అదే. నేను ముందు లోడరు తగిలించి ఆయన చేసినదంతా తలకిందులు చేశాను, మళ్లీ ఆయన ఆర్మ్‌లకే డ్రమ్ము కట్టి సరిచేసుకున్నాను.

సాయంత్రం బకెట్టు, డ్రమ్ము రెండూ నేలకు దించి ఇంజను ఆపాను. హోస్ పైపుల కింద అట్టముక్క తిప్పి చూశాను, ఎక్కడా నూనె చుక్క పడలేదు. అంత ఒత్తిడిలో సూది మొనంత చిల్లు పడినా నూనె చర్మంలోకి దూసుకుపోతుంది కాబట్టి చేయి పెట్టను. లోడరు ఫ్రేము బోల్టులు ఒక్కొక్కటీ మళ్లీ బిగించాను. వెనక ఇరుసుకు పట్టే కుడి ఊతకడ్డీ (బ్రేసు)లో ఒక బోల్టు పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు. ఎడమవైపుకి వచ్చేసరికి చీకటి పడింది. టార్చిలైటు పొద్దున ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.