2345 పోర్టు తలుపు తట్టినదెవరు?

భీమవరం దగ్గర మావయ్యకు రొయ్యల చెరువు ఉంది. గట్టు మీది మోటారు షెడ్డులో నేను పెట్టిన 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ నీటిలోని ఆక్సిజన్ కొలిచి, తగ్గగానే నీటికి గాలి పట్టించే ఏరేటర్లు వేస్తుంది. ప్రోగ్రాం సీ భాషలో నేను రాసిందే. రెండు వారాలుగా అది తెల్లవారుజామునే కుప్పకూలుతోంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ కూడా అదే. మావయ్యకు నిద్ర లేదు, నాకు మొహం చెల్లలేదు.

జీడీబీ అనేది ప్రోగ్రాంలో తప్పులు వెతికే డీబగ్గర్. హైదరాబాద్‌లో కూర్చునే తప్పు పట్టుకుందామని, జీడీబీతో దూరం నుంచి కనెక్ట్ కావడానికి ఆ 'పై' మీద జీడీబీ సర్వర్ పెట్టాను. ఏరేటర్లు ఆ రాత్రికి చేత్తో వేసుకోమని మావయ్యకు చెప్పి, ప్రోగ్రాంను దాని కింద మొదలుపెట్టాను. లోకల్‌హోస్ట్ (అంటే ఈ యంత్రం మాత్రమే), 2345 (పోర్టు, అంటే కనెక్షన్లు వచ్చే తలుపు నంబరు) అని రాశాను కాబట్టి బయటివాళ్లకు దారి లేదనుకున్నాను. టీ పెట్టుకుని వచ్చేసరికి తెర మీద రెండు కొత్త వరుసలు. ఏదో తెలియని చిరునామా నుంచి డీబగ్గింగ్ మొదలైందని ఒకటి, అవతలివైపు తెగిపోయింది, మళ్లీ ఎదురుచూస్తున్నానని ఇంకొకటి. నేనింకా కనెక్టే కాలేదు!

ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూపే ఎస్ఎస్ కమాండ్‌తో చూస్తే సర్వర్ అన్ని చిరునామాల మీదా వింటోంది. మాన్యువల్ తీశాను. పోర్టుకు ముందు రాసే హోస్ట్ పేరును ప్రస్తుతం పట్టించుకోదని అందులోనే ఉంది. అంటే నేను రాసిన లోకల్‌హోస్ట్ ఉత్త అలంకారం. పైగా దీనికి పాస్‌వర్డ్ అనేదే లేదు. కనెక్టయినవారికి ఆ సర్వర్‌ను నడిపే యూజర్ అధికారాలన్నీ దక్కుతాయి. మెమరీ మార్చవచ్చు, ఫైళ్లు ఎక్కించవచ్చు, చెరిపేయవచ్చు. నేను దాన్ని నడిపింది రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా. ఎప్పుడో బద్ధకించి రౌటర్‌లో బయటి పోర్టులన్నీ ఆ 'పై' కంప్యూటర్ వైపు మళ్లించిందీ నేనే. వచ్చింది తెరిచిన పోర్టుల కోసం వెతుక్కుంటూ దారినపోయే స్కానరే కావచ్చు, అయినా 'పై'లోని మెమరీ కార్డు చెరిపి, సిస్టమ్ మొత్తం కొత్తగా ఎక్కించాను.

ఈసారి పోర్టే తెరవలేదు. పోర్టు రాయాల్సిన చోట ఒక్క హైఫన్ పెడితే జీడీబీ సర్వర్ నెట్‌వర్క్ జోలికి పోకుండా తనను పిలిచిన ఎస్ఎస్‌హెచ్ (గుప్తంగా సాగే రిమోట్ లాగిన్) గొట్టంలోనే మాట్లాడుతుంది. నా వైపు జీడీబీలో టార్గెట్ రిమోట్ తర్వాత నిలువు గీత, ఆపైన ఎస్ఎస్‌హెచ్ కమాండ్ రాస్తే చాలు. రౌటర్‌లో ఎస్ఎస్‌హెచ్ ఒక్కటే ఉంచి, పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి, కీ ఫైలు ఉన్నవారికే లాగిన్ ఉంచాను. ప్రోగ్రాంను రూట్ నుంచి దించి జీపీఐఓ (కంప్యూటర్ పిన్నులు వాడుకునే అనుమతి) గ్రూపులోని మామూలు యూజర్‌కు అప్పగించాను. ఏరేటర్లను వేసి ఆపే స్విచ్‌లైన రిలేలు తిప్పడానికి అది చాలు.

చెరువు దగ్గర ఉండే బావమరిదికి విడిగా కీ ఇచ్చాను. ఇద్దరం నా కీనే వాడుకుంటే, రేపు వాడి ల్యాప్‌టాప్ పోయినప్పుడు ఆ కీ రద్దు చేస్తే నేనూ బయటే నిలబడాలి. ఒకసారి వాడు సెషన్ మూయకుండా భోజనానికి వెళ్లాడు. ఒక ప్రాసెస్‌ను ఒక డీబగ్గరే పట్టుకోగలదు కాబట్టి నేను గంటసేపు అటాచ్ కాలేకపోయాను. అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందు ఫోను చేసుకుంటున్నాం.

తప్పు మూడో రాత్రి దొరికింది. ఆక్సిజన్ తగ్గినప్పుడు మాత్రమే రాసే హెచ్చరిక వాక్యం 35 అక్షరాలు, దానికి నేనిచ్చిన బఫర్ (మెమరీలో చోటు) 32 బైట్లు, వాక్యం పట్టక పొంగింది. మావయ్యకు ఎలా చెప్పాలో తెలియక, "వైరు వదులైంది" అన్నాను.